కొన్నది ఎటు పోతది?

మొన్న దసరాకి నిజామాబాద్ పోయినప్పుడు చిన్నాయిన అడిగాడు: "ఆ ఆటల డబ్బా ఇంక ఉన్నదా బిడ్డా? ఉంటే మా పిల్లగానికి చూపియ్యి. పొద్దంత ఫోన్ వట్టుకొని కూసుంటుండు."

డబ్బా ఉంది. అందులో ఆటలు లేవు. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో ఆయనకి చెప్పేసరికి అరగంట పట్టింది. అంతా విని ఆయన అడిగిన ప్రశ్నకి మాత్రం నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. "పైసలు వెట్టి కొన్నం గదా. కొన్నది ఎటు పోతది?"

నేను ఇంటర్ చదివే రోజుల్లో ఆయన దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ తెచ్చిన కన్సోల్ అది. చేతిలో పట్టుకుని ఆడుకునేది. మా జిల్లాలో ఇందులో వింతేమీ లేదు. ఆర్మూరు వైపు పోయినా బోధన్ వైపు పోయినా ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్ళు దొరుకుతాయి. సెలవు మీద వచ్చేవాళ్ళ అట్టపెట్టెల్లో సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, దుప్పట్లు ఉంటాయి. మా అట్టపెట్టెలో ఒకసారి ఇది వచ్చింది. దాంతోపాటు రెండు ఆటలు. అవి నెలలో అయిపోయాయి. తర్వాతివన్నీ కంపెనీ ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవే. అకౌంటు చిన్నాయిన దుబాయ్‌లోనే తెరిపించి ఇచ్చాడు కాబట్టి, అక్కడి కార్డులే దానికి పనిచేసేవి. ఆయన అక్కడ కార్డు కొని, నాణెంతో గీకి, శుక్రవారం ఫోన్ చేసినప్పుడు కోడ్ చదివేవాడు. "బీ... బీ అంటే బ్యాటు బీ. తర్వాత సున్నా." సున్నానా, ఓ నా అని నేను. గుండ్రంగ ఉన్నది రా, రెండూ గుండ్రంగనే ఉంటయి గదా, అని ఆయన. కాలింగ్ కార్డు నిమిషాలన్నీ దానికే అయిపోతున్నాయని ఇటు బాపు కోపం.

ఒక్కో కార్డు డెబ్బై అయిదు దిర్హాములు. అప్పట్లో ఆయన జీతం తొమ్మిది వందలు. నేను ఆ లెక్క చాలా ఏళ్ళ తర్వాత, నాకు ఉద్యోగం వచ్చాక వేసుకున్నాను: కార్డుకి రెండున్నర రోజుల కూలి.

ఆ రోజుల్లో మా దోస్తులందరి ఇళ్ళల్లో పీఎస్2లు ఉండేవి, అన్నీ చిప్పు మార్పించినవే. బజార్లో ముప్పై రూపాయలకి డిస్కు. పైన జిరాక్స్ తీసిన బొమ్మ, ప్లాస్టిక్ కవరు. నేను మాత్రం అసలు కంపెనీ దగ్గర అసలు ధర పెట్టి కొన్నవే ఆడేవాణ్ణి. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేవాణ్ణి కూడా. ఈ గొప్పతనంలో నా పైసా ఒక్కటీ లేదన్నది వేరే సంగతి.

పోయిన ఏడాది దాని మెమరీ కార్డు చచ్చిపోయింది. కొత్త కార్డు వేసి, నా అకౌంటులోకి పోయి, కొన్నవన్నీ మళ్ళీ దింపుకుందామంటే దుకాణం లేదు. ఆ మోడల్‌కి సర్వీసు ఆపేశామని ఒక వాక్యం. ఏ కంపెనీ అన్నది ఇక్కడ చెప్పను. నా గొడవ ఒక కంపెనీతో కాదు, వాళ్ళు చేసింది అందరూ చేస్తున్నదే. చాట్‌లో దొరికిన అమ్మాయో అబ్బాయో చాలా మర్యాదగా జవాబిచ్చారు: మీరు కొన్నది ఆటని కాదు, ఆ ఆట వాడుకునే లైసెన్సుని, నిబంధనల ప్రకారం దాన్ని ఎప్పుడైనా ఆపే హక్కు మాకుంది. ఇదే చిన్నాయినకి తెలుగు చేసి చెప్పాను. ఆయన ఒక్క మాట అన్నాడు: "పైసలు దీస్కునేటప్పుడు గట్ల చెప్పిండ్రా?"

చెప్పారు. యాభై పేజీల ఇంగ్లీషులో, కింద 'అంగీకరిస్తున్నాను' అన్న గడి పెట్టి చెప్పారు. పైన మీట మీద మాత్రం 'కొనండి' అని రాసి ఉండేది.

ఆ మీట మీద మాట గురించే కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది. 2025 జనవరి నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేవాళ్ళు, ఇస్తున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అన్న మాట వాడకూడదు. స్టీమ్ ఆ గడువు కంటే ముందే బిల్లు కట్టే చోట ఆ ముక్క పెట్టేసింది. మంచిదే. కానీ ఈ చట్టం మోసాన్ని తీసేసిందా, మోసానికి బోర్డు పెట్టిందా అన్నది నాకు తేలలేదు. "ఈ మెట్టు విరిగింది" అని రాసిపెడితే పడ్డవాడిది తప్పవుతుంది. మెట్టు అలాగే ఉంటుంది.

బయట జరిగింది కాస్త చెప్పాలి, ఈ ఆటల గొడవ తెలియనివాళ్ళ కోసం. నింటెండో వీ దుకాణం 2019 జనవరిలో మూతపడింది. 2021 మార్చిలో సోనీ, పీఎస్3, పీఎస్పీ, వీటా మూడింటి దుకాణాలూ మూసేస్తామంది. జనం గోల చేశారు. ఏప్రిల్‌లో కంపెనీ పెద్ద జిమ్ ర్యాన్ తప్పు నిర్ణయం తీసుకున్నామని ఒప్పుకుని పీఎస్3, వీటా దుకాణాలు ఉంచాడు, పీఎస్పీ మీద కొనడం మాత్రం ఆ జూలైలో ఆగిపోయింది. 2023 మార్చి 27న 3డీఎస్, వీయూ దుకాణాలు. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360. వీటిల్లో చాలావాటికి అమ్మకం ఆపేసినా, అప్పటికే కొన్నవాళ్ళు మళ్ళీ దింపుకోవడం కొంతకాలం సాగనిచ్చారు. ఆ 'కొంతకాలం' ఎంతన్నది ఎవరూ రాసివ్వలేదు.

వీటన్నిటికంటే ఘోరం యూబీసాఫ్ట్ వాళ్ళ 'ది క్రూ'. కార్ల ఆట. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాళ్ళకీ ఆట సర్వర్ మీదే నడిచేది కాబట్టి, డిస్కు కొని అలమరలో పెట్టుకున్నవాళ్ళకి కూడా అది టీ కప్పు పెట్టుకునే బిళ్ళ అయిపోయింది. 'డిస్కు కొనుక్కో, నీదవుతుంది' అని సలహా ఇచ్చేవాళ్ళ నోళ్ళు అక్కడితో మూతపడ్డాయి. దాని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపాలో పౌరుల విన్నపానికి 10 లక్షల సంతకాలు కావాలి. 2025 జూలైలో అది దాటింది. ఆటల కోసం పది లక్షలమంది సంతకాలు పెట్టారంటే మా బాపు నమ్మలేదు.

మనవైపు కూడా పోగొట్టుకోవడానికి కొన్ని ఉన్నాయి. 2009లో హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ అనే కంపెనీ పీఎస్2 కోసం 'హనుమాన్: బాయ్ వారియర్' చేసింది. పూర్తిగా మనదేశంలో తయారైన మొదటి పీఎస్2 ఆటగా దానికి పేరు. అదే కాలంలో హైదరాబాద్‌కే చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' చేసింది. చిర్రగోనె, కబడ్డీ, పతంగులు కన్సోల్‌లోకి వచ్చాయి. అవి గొప్ప ఆటలా అంటే కాదు. మొదటి తెలుగు టాకీ సినిమా గొప్పదా కాదా అని చూసి దాన్ని దాచుకోవాలో వద్దో తేల్చం కదా. అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు 2023లో లెక్క తీస్తే, అక్కడ 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఎక్కడా అమ్మకానికి లేవని తేలింది. అంత శ్రద్ధగా దాచుకునే దేశంలో పరిస్థితి అది.

చిన్నాయిన ప్రశ్నకి వస్తాను. కొన్నామా, లేదా?

ఇందులో తమాషా ఏమిటంటే, మన సుప్రీంకోర్టు ఈ ప్రశ్నని కనీసం రెండుసార్లు ముట్టుకుంది. రెండుసార్లూ పన్నుల గొడవలోనే. మొదటిది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ, అప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ నడిచిన కేసు. సీడీలో పెట్టి బజార్లో అమ్మే సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను కట్టమంది మన రాష్ట్రం. అది చేతికి తగిలే వస్తువు కాదు, మేధస్సు, పన్నెలా వేస్తారంది కంపెనీ. 2004 నవంబరులో కోర్టు రాష్ట్రం పక్షాన నిలబడింది: సాఫ్ట్‌వేర్ వస్తువే, అమ్మకం అమ్మకమే. రెండోది 2021 మార్చి 2న వచ్చిన తీర్పు, ఇంజనీరింగ్ ఎనాలిసిస్ కేసు. విదేశీ సాఫ్ట్‌వేర్ తెప్పించుకున్నందుకు కట్టిన డబ్బు రాయల్టీ అని, అందులో పన్ను పట్టుకోవాలని ఆదాయపు పన్ను శాఖ వాదన. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏమన్నాయో చూడండి. మేము కాపీరైట్ ఇవ్వలేదు, తయారైన సరుకు ఒకటి అమ్మాము, అంతే, అన్నాయి. లైసెన్సు అని పేరు పెట్టినా లోపల జరిగింది అమ్మకమేనని కోర్టు ఒప్పుకుంది.

అంటే పన్ను అధికారి ఎదురుగా నిలబడ్డప్పుడు ఈ పరిశ్రమకి అది అమ్మకం. పదిహేనేళ్ళ తర్వాత చిన్నాయిన ఎదురుగా నిలబడితే అది అనుమతి. ఆ తీర్పులు వినియోగదారుల హక్కుల మీద ఇచ్చినవి కావు, తెచ్చి ఇక్కడ అతికించడం కుదరదని నాకూ తెలుసు. అయినా, ఒకే నోటితో రెండు మాటలు అనడం న్యాయమా అని అడగడానికి లాయరు అక్కర్లేదు.

ఇంతవరకూ నేను కోపంగానే ఆలోచించాను. నా దగ్గర ఉన్నదల్లా 'ఇది నాది' అన్న ఒక్క వాదన. అది చాలదని అర్థమైంది బోధన్ పోయినప్పుడు.

అమ్మ వాళ్ళ ఊరు ఎడపల్లి అవతల. నా చిన్నప్పుడు ఆ రోడ్డు మీద చలికాలమంతా చెరకు ట్రాక్టర్లు నిండి ఉండేవి. వెనక నుంచి గడలు లాక్కుని పరిగెత్తడం మా ఆట. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, దాని కింద చెరకు, ఆ చెరకు కోసం శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ. నిజాం కాలంలో 1937లో మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవాళ్ళు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 49 శాతం ప్రభుత్వం దగ్గరే ఉంది. 2015 డిసెంబరులో మూతపడింది. 2019లో ఎన్‌సీఎల్‌టీ లిక్విడేషన్‌కి ఆదేశించింది. తెరిపించడం మీద మాటలు, కమిటీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. దాని బాగోగుల చరిత్ర నాకంటే బాగా తెలిసినవాళ్ళు రాశారు, అటు పోను.

దసరా సెలవులోనే మామ దగ్గర కూచున్నప్పుడు చెరకు లెక్క ఎలా నడిచేదో అడిగాను. ఆయన ఇప్పుడు వరి వేస్తున్నాడు. చెప్పాడు. నాటిన నాడు ఫీల్డ్‌మన్ వచ్చి ఎన్నెకరాలో రాసుకునేవాడు. ఏడాది పెంచాలి. పంట పండినా నీ ఇష్టమొచ్చినప్పుడు కొట్టడానికి లేదు, కటింగ్ ఆర్డర్ రావాలి. ఆర్డర్ వచ్చాక ఆలస్యం చేయడానికీ లేదు, కొట్టిన గడ ఒక్క రోజు దాటితే బరువూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది. బండి కాటా దగ్గరికి పోయేదాకా ప్రాణం కుదుటపడదు.

"చెరుకు మనదే కాదు మామా?" అన్నాను.

"చెరుకు మనదే. భూమి మనదే. ఇంట్ల వెట్టుకొని ఏం జేస్తవు? పందిరేస్తవా?"

నా ఆలోచన అంతా అక్కడ తిరగబడింది. మామ హక్కులో ఎక్కడా లొసుగు లేదు. పట్టా ఉంది, పంట ఉంది, యాభై పేజీల ఇంగ్లీషు ఎక్కడా లేదు. అయినా గానుగ ఆడకపోతే ఆ హక్కుతో చేయగలిగింది ఏమీ లేదు. నేను 'లైసెన్సు కాదు, సొంతం' అని కోర్టులో గెలిచినా, నా చేతికొచ్చేది అలాంటి చెరకు గడే: నాదే, కానీ నడవనిది.

చెరకు రైతు కష్టాన్నీ, నా ఆటల గోడునీ ఒకే తక్కెడలో వేయడం లేదు. అంత సిగ్గు లేకుండా లేను. పోలిక బాధలో లేదు, అమరికలో ఉంది.

ఆ అమరికని మన పాత చట్టాలు బాగా గుర్తించాయి. 1966 నాటి కేంద్ర చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఒక్కో ఫ్యాక్టరీకి కొన్ని ఊళ్ళు రిజర్వు చేయొచ్చు. ఆ ప్రాంతం చెరకు పర్మిట్ లేకుండా బయటికి పోకుండా ఆపొచ్చు. ఒకరకంగా రైతుకి మిగతా తలుపులు మూసేయడమే. కానీ అదే ఉత్తర్వు రెండోవైపు కూడా కట్టేసింది. సరఫరా చేస్తానని రైతు, కొంటానని ఫ్యాక్టరీ, ఇద్దరూ ఒప్పందం రాసుకోవాలని ఆదేశించొచ్చు. చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి, లేకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఇవన్నీ కాగితం మీద ఉన్నంత బాగా పొలంలో నడిచాయని ఎవరూ అనరు. అయినా ఆ కాగితంలో ఒక నీతి ఉంది. నువ్వు ఒకణ్ణి నీ గడప తప్ప వేరే గడప తొక్కకుండా చేశావు, కాబట్టి నీ గడప దగ్గర నీకో బాధ్యత ఉంది.

మిల్లు ఎల్లకాలం నడవాలని ఆ నీతి అనడం లేదు. ఏ మిల్లూ నడవదు, ఏ సర్వరూ నడవదు. కరెంటు బిల్లు ఉంటుంది, భద్రతా లోపాలు సరిచేసే మనుషులు కావాలి, పదిహేనేళ్ళ పాత యంత్రం కోసం ఆ ఖర్చు ఎన్నాళ్ళు పెట్టాలి? కంపెనీల ఈ వాదన నాకు న్యాయంగానే కనిపిస్తుంది. పైగా నేను కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగినే. పాత వెర్షన్లకి సపోర్టు ఆపేసే మెయిళ్ళు స్వయంగా రాశాను. 'ఈ తేదీ తర్వాత' అని మొదలయ్యే వాక్యం రాసేటప్పుడు అవతల ఎవరి చిన్నాయిన ఉన్నాడో నేనెప్పుడూ ఆలోచించలేదు.

సర్వర్ ఆపడం దగ్గర నాకు పేచీ లేదు. తాళం దగ్గర ఉంది. ఆట నా కార్డులో ఉన్నప్పుడే దాన్ని ఇంకో కార్డులోకి కాపీ చేసుకోనిచ్చి ఉంటే, ఇంకొకడికి అమ్ముకోనిచ్చి ఉంటే, కంపెనీని అడగకుండానే యంత్రం దాన్ని నడిపి ఉంటే, దుకాణం మూసుకోమనండి. బజార్లో బట్టల దుకాణం మూసేస్తే నా చొక్కా మాయం కాదు. వీళ్ళు అలా చేయలేదు. కాపీకి తాళం, అమ్మకానికి తాళం, వేరే యంత్రం మీద నడవకుండా తాళం. అన్ని తలుపులూ తామే మూసి, చివరికి తమ తలుపు కూడా మూసుకుని వెళ్ళిపోయేవాడు తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోవాలి. స్కాట్ ఉద్యమం అడుగుతున్నదీ దాదాపు ఇదే. ఎల్లకాలం నడపమనడం లేదు, పోయేముందు ఆటని నడిచే స్థితిలో వదిలి వెళ్ళమంటున్నారు. అది సాంకేతికంగా ప్రతిసారీ తేలిక కాదు, పాటలకీ కార్ల బొమ్మలకీ వేరేవాళ్ళ దగ్గర తెచ్చుకున్న హక్కులుంటాయి. అలాంటి చోట డబ్బు వెనక్కివ్వడం ఒక దారి. గూగుల్ 2023లో స్టేడియా మూసేసినప్పుడు ఆటలకి కట్టిన డబ్బు తిరిగిచ్చింది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-పుస్తకాల దుకాణం ఎత్తేసినప్పుడు పాఠకుల పుస్తకాలు మాయమయ్యాయి, డబ్బు మాత్రం వాపసు వచ్చింది. చేయొచ్చన్నమాట. తప్పదనుకుంటే చేస్తారు.

ఇప్పుడు ఒక ఒప్పుకోలు. చిన్నాయిన మనవడి కోసం అందులో ఒక ఆట నేను దొంగ సైటు నుంచి దింపాను. క్రికెట్ ఆట. పావుగంట పని. ముప్పై రూపాయల డిస్కులవాళ్ళని చూసి ముక్కు విరిచిన మనిషిని నేను, ఆ డిస్కుల పీఎస్2లు ఇవాళ్టికీ ఎవరో ఒకరి ఇంట్లో నడుస్తున్నాయి. నిజాయితీగా కొన్నది పోయి దొంగది మిగిలిందంటే, ఆ అమరికలోనే ఏదో వంకర ఉందనిపిస్తుంది. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో, న్యాయంగా సంపాదించిన కంప్యూటర్ ప్రోగ్రాం పోకుండా, పాడవకుండా బ్యాకప్ కాపీ చేసుకోవడం నేరం కాదని ఉంది. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ తాళం పగలగొట్టడాన్ని నేరం చేసింది కానీ, హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో పగలగొడితేనే. అమెరికా చట్టంతో పోలిస్తే ఇది ఎంతో మెతక. అయితే ఆ 52 నేను అప్పుడే చేసుకుని ఉండాల్సిన కాపీ గురించి మాట్లాడుతుంది. ఎవరో ఎక్కించింది ఇప్పుడు దింపుకోవడం గురించి కాదు. కాబట్టి చట్టం చాటున దాక్కోను. దింపేటప్పుడు దొంగతనం చేస్తున్నానని నాకు అనిపించలేదు. అలా అనిపించకపోవడమే కాస్త భయం వేసింది. రేపు కొనని ఆట విషయంలో కూడా ఇంతే తేలిగ్గా అనిపించకపోతుందన్న నమ్మకం లేదు.

కాపీ గురించి సాహిత్యం చదివేవాళ్ళకి నేను చెప్పేదేముంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూగబోయినప్పుడు, మన పాత తెలుగు పుస్తకాలు ఎన్నో ఇవాళ చదవగలుగుతున్నామంటే ఎవరో ముందుచూపుతో ఆర్కైవ్.ఆర్గ్‌లోకి ఎక్కించడం వల్లే. వాటిల్లో అన్నిటి హక్కులూ అంత శుభ్రంగా ఉన్నాయని నేననుకోను. మనమెవ్వరం ఆ సంగతి అడగలేదు, దింపుకుని చదువుకున్నాం. మా ఊరి ఖిల్లా జైల్లో దాశరథి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి అందరికీ తెలిసిందే. గోడ జైలుది. దాన్ని కడిగించే హక్కు జైలువాళ్ళకి ఉందనే అనుకుందాం. ఆ పద్యాలు గోడ మీదే ఉండిపోయి ఉంటే కథ వేరుగా ఉండేది.

కానీ దింపిన ఆటతో పని పూర్తి కాలేదు. అది ఆన్ చేసి పిల్లవాడికి ఇస్తే చిన్నాయిన పక్కన చేరి, "నా సెంచరీ ఏది?" అన్నాడు. సెలవు మీద వచ్చిన రెండు నెలల్లో ఆయన ఆ ఆట తెగ ఆడేవాడు. ఒక రాత్రి నూటనాలుగు కొట్టి, స్కోర్ల పట్టికలో తన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటీ వెతికి పెట్టుకున్నాడు. ఆ పట్టిక చచ్చిపోయిన కార్డులో ఉంది. ఏ దొంగ సైటులోనూ దొరకదు. ఆ ఒక్కదానికీ కంపెనీని అనడానికి లేదు. దాచుకోవాల్సింది నేను.

వినియోగదారుల ఫోరానికి పోతే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. 2019 చట్టం ఈ-కామర్స్ నిర్వచనంలోనే డిజిటల్ ఉత్పత్తులు అన్న మాట ఉంది. కంపెనీ ఎక్కడున్నా ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. మొత్తాన్నీ ఒకవైపుకే లాగే ఒప్పందాన్ని 'అన్యాయమైన ఒప్పందం' అని సవాలు చేసే దారి కూడా ఆ చట్టం తెరిచింది, అయితే అలాంటిది రాష్ట్ర కమిషన్ దాకా పోవాలి. ఇన్ని ఉన్నా, ఫిర్యాదు రాయడానికి కూచుంటే మొదటి వాక్యంలోనే చిక్కుపడ్డాను. లోపం వస్తువులోనా, సేవలోనా? వస్తువు అంటే లైసెన్సు చూపిస్తారు. సేవ అంటే, సేవ ఎప్పుడో ఒకప్పుడు ఆగేదే కదా అంటారు. పైగా అకౌంటు దుబాయ్ అడ్రసుతో ఉంది, డబ్బు కట్టింది నేను కాదు, రసీదు ఒక్కటీ లేదు. రెండేళ్ళ గడువులో ఒక ఏడాది అప్పుడే పోయింది.

ఇదంతా చిన్నాయినతో అన్నాను. ఆయన లోపలికి పోయి, అటక మీది నుంచి పాలపొడి డబ్బా ఒకటి దించాడు. మూత తీయడానికి స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చింది. లోపల పాత సిమ్ములు, కంపెనీ గుర్తింపు కార్డు, రబ్బరు బ్యాండు వేసిన ఒక చిన్న కట్ట. గీకిన కార్డులు. వెండి పొడి ఇంకా అంచులకి అంటుకునే ఉంది. లెక్కపెట్టాను, పదిహేడు.

"పారేద్దామనుకున్న గని," అన్నాడు, "పైసలు వెట్టి కొన్నయి గదా అని ఉంచిన. పనికొస్తయా?"